చాచా చెప్పని అర్థం

శుక్రవారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. "దర్జీ చాచా పోయేరమ్మా. వత్తావా?"

ఎనిమిది నెలలుగా ఆయనతో నాకు మాటల్లేవు.

అనకాపల్లిలో ఒక దర్జీ నాకు స్పానిష్ నేర్పారంటే చాలామంది నమ్మరు. వయసులో ఉండగా ఓడల్లో పనిచేసి, స్పెయిన్ రేవుల్లో ఆ భాష నేర్చుకున్నారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పనికొస్తుందని రెండేళ్లు ఆయన కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

పుస్తకం లేదు. ‘కొహేర్’ అనే క్రియ నేర్పడానికి కత్తెర చూపించి తీసుకోమన్నారు. బస్సు పట్టుకున్నా అదే మాట, జలుబు చేసినా అదే, పువ్వు కోసినా అదే. "ఈ ఒక్క ముక్క వత్తే ఎక్కడైనా బతికేత్తావు బేటీ" అనేవారు. తప్పు మాట్లాడితే కోప్పడేవారు కాదు. మిషను ఆపి, నేను సరిచేసుకునేదాకా సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించేవారు.

ఇంటర్వ్యూకి మెక్సికో నుంచి ముగ్గురు స్క్రీన్ మీదికొచ్చారు. ఆఫీసుకి ఎలా వస్తావని అడిగారు. బస్సు పట్టుకుంటానని ధీమాగా అదే క్రియ వాడాను. ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మూడో ఆవిడ మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది: స్పెయిన్‌లో అది మామూలు మాటే, మా దేశంలో మాత్రం పడకకి సంబంధించిన పచ్చిబూతు.

ఆ ఉద్యోగం రాలేదు. తిన్నగా కొట్టుకెళ్లి అడిగాను.

"ఆ మాటకి ఇంకో అర్థం ఉందని మీకు తెలుసా?"

చాచా గుడ్డ మీంచి తలెత్తలేదు. "తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"కూతురులాంటిదానివి. నీ ముందర ఆ మాటెలా అంటానే?"

"నలుగురి ముందూ నాసేత అనిపించారు కదా చాచా!"

ఆయన సూది తీసి దారం ఎక్కించడం మొదలెట్టారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు నేను.

ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే భాషతో బతుకుతున్నాను. నోరు తెరిస్తే వచ్చేదంతా ఆయన నేర్పిందే. అయినా నమ్మినవాళ్లే దాచారన్న బాధ ఆయనతో పాటు పోలేదు.

వెళ్లాను. చాచీ నా చెయ్యి వదల్లేదు. "నువ్వెందుకు రావట్లేదని ఎన్నిసార్లడిగేనో. తప్పు నాదే అన్నారు. ఏం తప్పో నాక్కూడా సెప్పలేదమ్మా."

నేనూ చెప్పలేకపోయాను.

కిందటి నెల బెల్లం మార్కెట్ దగ్గర రోడ్డుకి అవతల ఆయన కనిపించారు. నన్ను చూసి చెయ్యెత్తారు. మొహం తిప్పుకున్నాను. మధ్యలోకి లారీ వచ్చింది. అది దాటిపోయాక ఓరకంట చూశాను. ఆ చెయ్యి ఇంకా అలాగే పైకెత్తి ఉంది.