మాన్యువలమ్మ, ఏడుగురి కమిటీ

లిఫ్టులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మాన్యువలమ్మే. మూడో అంతస్తులో, విరిగిన కుర్చీలు దాచే గది పక్కన, సగమే తెరుచుకునే కిటికీ కింద కూర్చుని, లిఫ్టుల మరమ్మతు పుస్తకాన్ని పద్దెనిమిదేళ్ళుగా సాకుతోంది. సాకడమనే అనాలి. ఎనిమిది వందల నలభై పేజీల ఆ పుస్తకం కంప్యూటర్లో ఒకే ఒక్క ఫైలు. మహా కోపిష్ఠిది. అరవయ్యో పేజీలో బొమ్మను వేలెడు పక్కకు జరిపితే చాలు, ఐదు వందలవ పేజీలో ఉన్న పట్టిక అలిగి అవతలి పేజీకి వెళ్ళిపోయేది.

ఆ ఫైలును మొదట తయారుచేసిన మహానుభావుడు ఎప్పుడో రిటైరయ్యాడు. వెళ్తూ వెళ్తూ ఆమెకో ఆస్తి అప్పగించాడు. "418వ పేజీ చూడండి" లాంటి సూచనలు, పదకొండు వందల పైచిలుకు, అన్నీ చేత్తో కొట్టిన నంబర్లే. మధ్యలో ఒక్క పేజీ పెరిగిందా, ఆ తర్వాత వచ్చే సూచనలన్నీ అబద్ధాలే. మాన్యువలమ్మ ఒక్కోటీ వెతికి దిద్దేది. కంటికి ఆనినవి దిద్దేది. ఆననివి అలాగే అచ్చయి, ఊరూరా మెకానిక్‌ల సంచుల్లోకి చేరేవి.

ఒక సోమవారం పొద్దున ఒక ముసలి మెకానిక్ మూడంతస్తులూ మెట్లెక్కి ఆమె గదికొచ్చాడు. కుడిచేతి రెండు వేళ్ళకు కట్టు. పుస్తకం బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో పేజీ తిప్పాడు.

"అమ్మా, బ్రేకు స్ప్రింగు విప్పే ముందు 418 చూడమన్నావు. చూశాను. అక్కడ తలుపుకి గ్రీజు ఎలా రాయాలో ఉంది."

ఆమె పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని చూసింది.

"పోనీలే, నాకు గుర్తున్నట్టు విప్పుదామనుకున్నా. నాకు గుర్తున్నది పాత మోడల్. స్ప్రింగు ఎగిరి తన్నింది." అతను నవ్వాడు. "గోళ్ళే పోయాయిలే. వేళ్ళున్నాయి. నీకు చెప్తే దిద్దుతావని వచ్చా."

తిట్టి ఉంటే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది. అతను మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు పెద్దసారుకి ఒక కాగితం రాసింది: నంబర్లను చేత్తో కొట్టే పద్ధతి మానాలి, సూచనలు వాటంతట అవే సరిపోయే సాధనం కావాలి, ఒక మనిషికి దెబ్బ తగిలింది.

పెద్దసారు కదిలిపోయాడు. కదిలిపోయి, వెంటనే ఒక కమిటీ వేశాడు. ఏడుగురు సభ్యులు. దాని పేరు "దీర్ఘ పత్రాల రూపకల్పన సాధనాల అధ్యయన, ఎంపిక మరియు అమలు కమిటీ". పేరు పెట్టడానికే రెండు సమావేశాలు పట్టాయి. పుస్తకం రాసేది మాన్యువలమ్మ ఒక్కతే కాబట్టి ఆమెను సభ్యురాలిగా తీసుకోవడం బావుండదన్నారు. చర్చల వివరాలు రాసిపెట్టే పని అప్పగించారు.

ఇంట్లో ఈ సంగతి చెప్తే అత్తగారు ముక్కున వేలేసుకుంది. "పేజీ నంబరు దిద్దడానికి ఏడుగురు మగాళ్ళా! వాళ్ళ ఇళ్ళల్లో పనులేం లేవటే అమ్మాయ్?"

భర్త టైలరు. ఒక లాగు అంచు కుడుతూ అడిగాడు. "ఇంతకీ వాళ్ళు ఎంచుకునేదేంటి?"

"మార్కప్ అంటారండీ. ఇప్పుడు నేను అక్షరాలను లావు చేసి, రంగేసి, జరిపి, నానా అవస్థా పడుతున్నా కదా. అలా కాకుండా మాటల పక్కనే చిన్న గుర్తులు పెట్టి, ఇది శీర్షిక, ఇది హెచ్చరిక, ఇది పట్టిక అని చెప్పి ఊరుకోవడం. ముస్తాబంతా తర్వాత కంప్యూటరే చేస్తుంది."

"ఓస్, ఇంతేనా. గుడ్డ మీద మేం సుద్దతో గీస్తాం చూడు. ఇక్కడ మడత, ఇక్కడ కత్తెర. అందులో ఎన్ని రకాలేంటి?"

"ఎన్ని గడ్డాలుంటే అన్ని రకాలు," అంది ఆమె.

నిజానికి కమిటీలో గడ్డం ఒక్కరికే ఉంది. ఆయన డిజైన్ ఇంజినీరు, లేటెక్ అనే రకానికి భక్తుడు. తన పరిశోధన గ్రంథాన్ని అందులోనే రాశాడు. సమీకరణాలు ముత్యాల్లా వస్తాయని మూడు సమావేశాలు చెప్పాడు. మన పుస్తకంలో సమీకరణాలెన్ని అని ఎవరో అడిగితే, మాన్యువలమ్మ లెక్కపెట్టి చెప్పింది: రెండు. "ఉన్న రెండైనా అందంగా ఉండాలి కదండీ," అన్నాడాయన గాయపడినట్టు.

బయటినుంచి పిలిపించిన సలహాదారు ఎప్పుడూ టైతో వచ్చేవాడు. ఆయనది ఎక్స్ఎమ్ఎల్ అనే ఇంకో రకం పక్షం. ప్రతి ముక్కకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు, దాని చుట్టూ ఇంకో జత. గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించి, ఇందులో రాస్తే పుస్తకం యాభై ఏళ్ళు నిలుస్తుందన్నాడు. "నట్టు బిగించండి" అన్న రెండు మాటలు అందులో ఎలా రాయాలో చూపించమని మాన్యువలమ్మ అడిగింది. ఆయన చూపించాడు. ఆరు వరుసలొచ్చాయి. పుస్తకంలో నట్లు చాలానే ఉన్నాయి.

అమ్మకాల విభాగం కుర్రాయన మార్క్‌డౌన్ అన్నాడు. పావుగంటలో నేర్చుకోవచ్చన్నాడు, అది నిజమే. ఆమె పది నిమిషాల్లోనే నేర్చుకుంది. మరి గడులు కలిసిపోయిన పట్టికలు ఎలా, పెట్టెలో హెచ్చరికలు ఎలా అంటే, "దానికేదో ప్లగిన్ ఉంటుందండీ," అని నీళ్ళు నమిలాడు. మిగిలిన నలుగురిలో ముగ్గురు బిస్కెట్ల పక్షం. నాలుగోవాడు పెద్దసారు. ఇన్నాళ్ళూ నడిచింది కదా, ఇలాగే నడిపిస్తే పోలా అని ప్రతిసారీ చివర్లో అడిగేవాడు.

ఇలా ఏడు నెలలు గడిచాయి. ఈలోగా మాన్యువలమ్మ ఎవరినీ అడక్కుండా ఒక పని చేసింది. ఆ మూడు రకాలూ విడివిడిగా వాడి చూసి, నాలుగోది వెతుక్కుంది. దాని పేరు ఆస్కీడాక్. రాయడం దాదాపు మార్క్‌డౌన్ అంత తేలిక. పట్టికలు, హెచ్చరిక పెట్టెలు అన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పుస్తకంలో ప్రతి భాగానికీ ఒక పేరు పెట్టొచ్చు. బ్రేకు స్ప్రింగు భాగానికి "బ్రేకు-స్ప్రింగు" అని పేరు పెట్టేసి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆ పేరే రాస్తే చాలు. ఆ భాగం ఎక్కడికి జరిగినా సరైన నంబరు కంప్యూటరే వేసుకుంటుంది. పేరు తప్పు రాస్తే మూలుగుతుంది కూడా.

ముందుగా కమిటీ చర్చలనే అందులో రాసి సాధన చేసింది. చెయ్యి తిరిగాక పుస్తకం పట్టింది. రోజూ గంట ముందే ఆఫీసుకొచ్చి, పాత ఫైలును అధ్యాయాలుగా కోసి, ఒక్కో అధ్యాయానికి ఒక్కో చిన్న ఫైలు చేసింది. అంతా సాఫీగా జరిగిందనుకుంటే పొరపాటే. తొమ్మిదో అధ్యాయంలో ఒక హెచ్చరిక పెట్టె తెరిచి, మూసే గుర్తు మర్చిపోయింది. నలభై పేజీల అధ్యాయమంతా ఆ పెట్టెలోకి దూరింది. నూనె డబ్బా మూత తీయడం దగ్గర్నుంచి గుడ్డతో తుడవడం దాకా అన్నీ ప్రాణాపాయాలే అయి కూర్చున్నాయి. ఒక్కతే పడీపడీ నవ్వి, మూసే గుర్తు పెట్టింది.

పదకొండో సమావేశంలో ఓటింగు. పెద్దసారు అప్పటిదాకా పోగైన చర్చల వివరాల కట్ట చేతిలోకి తీసుకుని తిరగేశాడు. విషయసూచిక, నంబర్లు, "చూడండి: మూడో సమావేశం, 3.2" అనే సూచనలు, ఒక్కటీ తప్పులేదు.

"ఇదిగో, నాకు ఇలాంటిది కావాలి! ఇది దేంట్లో చేశారు?"

"అక్షరాల మధ్య ఎడం చూడండి, లేటెక్ కాకపోతే అడగండి," అన్నాడు గడ్డం ఇంజినీరు.

"ఇంత క్రమశిక్షణ ఎక్స్ఎమ్ఎల్‌కే సాధ్యం," అన్నాడు టై.

"ఇంత సింపుల్‌గా ఉందంటే మార్క్‌డౌనే సార్," అన్నాడు కుర్రాయన.

"ఆస్కీడాక్ అండీ," అంది మాన్యువలమ్మ. "పుస్తకం కూడా అందులో ఇరవై రెండు అధ్యాయాలు అయిపోయింది. ఇంకా నాలుగున్నాయి."

ముందుగా తేరుకున్నది టై సలహాదారు. "నేను మూడో సమావేశంలో చెప్పింది సరిగ్గా ఇదే కదా!"

"చెప్పలేదండీ," అంది ఆమె నెమ్మదిగా. "ఆ సమావేశం వివరాలు రాసింది నేనే."

కమిటీ సుదీర్ఘ అధ్యయనం తర్వాత సరైన సాధనాన్ని కనిపెట్టిందని మర్నాడు నోటీసు బోర్డులో పెట్టారు. ఏడుగురి ఫోటో. ఆమె దాన్ని చూసి, మిగిలిన నాలుగు అధ్యాయాలు పూర్తి చేసుకోవడానికి పైకెళ్ళింది. ఒళ్ళు మండలేదా అంటే మండింది. ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పి కడుపారా తిట్టించింది. ఆ విషయంలో అత్తగారికి సాటి లేదు.

ఆరు వారాల్లో కొత్త పుస్తకం అచ్చయి మెకానిక్‌లకు చేరింది. మొదటి నెలలోనే ముప్పై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. పెద్దసారు గుండెల్లో రాయి పడింది. ఆమెను పిలిపించాడు.

"ఏంటమ్మా ఇది? పాత పుస్తకానికి ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం వచ్చిందా? కొత్తదానికి ఇన్ని తప్పులా?"

"తప్పులు పాతవే సార్. పాత పుస్తకాన్ని ఎవరు చదివారు? వెతికితే దొరికేది కాదు కాబట్టి సంచిలో పెట్టుకు తిరిగారు. ఇప్పుడు దొరుకుతోంది, చదువుతున్నారు."

"అయితే సంతోషించమంటావా?"

"నేనైతే సంతోషిస్తున్నా సార్."

పెద్దసారు అనుమానంగా చూశాడు. దీని మీద ఒక చిన్న కమిటీ వేస్తే ఎలా ఉంటుందన్నాడు. తప్పకుండా వేయండి సార్ అని ఆమె ఉత్తరాల కట్ట తీసుకుని గదికొచ్చేసింది. కిటికీ తెరుచుకున్నంత మేర తెరిచి, మొదటి ఉత్తరం విప్పింది. పదిహేడో అధ్యాయంలో కుడి తీగ, ఎడమ తీగ తారుమారయ్యాయని ఎవరో పెన్సిలుతో బొమ్మ గీసి మరీ పంపారు. బొమ్మ చక్కగా ఉంది. ఆ అధ్యాయం ఫైలు తెరిచి, రెండు మాటలు మార్చింది.