పెదనాన్నగారికి మిగిలిన ఒక్క మాట

పెదనాన్నగారు పోయారని గురువారం ఉదయం ఆసుపత్రి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయనకు తీసుకెళ్లాల్సిన జావ అప్పుడే చల్లారబెడుతున్నాను. ఆ గిన్నెను ఏం చేయాలో తోచలేదు.

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పెద్దమ్మ పోయాక నా దగ్గరే ఉన్నారు. అచ్చు తప్పుగా పడిన నాణేలంటే ఆయనకు ప్రాణం. ఒకే అంకె రెండుసార్లు పడినట్టు కనిపించే నాణెం దొరికితే భూతద్దం పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. అలా పడడంలోనూ తేడాలున్నాయని ఆయనే నాకు నేర్పారు. నాణేలు కొట్టే అచ్చు తయారయ్యేటప్పుడే రెండుసార్లు నొక్కుకుంటే, అక్షరం పక్కన మరో అక్షరం గుండ్రంగా, నిండుగా లేస్తుంది. అది అరుదు. అచ్చు బాగానే ఉండి, కొట్టేటప్పుడు కాస్త కదిలితే, అక్షరం అంచు చదునుగా మెట్టులా జారుతుంది. అలాంటివి బోలెడు.

"అచ్చులో తప్పయితే అక్షరం రెండుసార్లు పుట్టిందన్నమాట, అమ్మలూ. మిషన్లో కదిలితే ఉన్నదే నలిగింది," అంటూ అరచేతి మీద అరచేయి జార్చి చూపేవారు.

ఇలాంటి నాణేలకు లక్షలిస్తామని, ముందు అడ్వాన్సు పంపమని ఫోన్లలో వీడియోలు మొదలయ్యాక, ఎక్కడెక్కడి వాళ్లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. మంచినీళ్లిచ్చి, భూతద్దం చేతికిచ్చి, "మీరే చూడండి, మెట్టు కనబడుతోందా? ఎవరికీ పైసా పంపకండి," అనేవారు. ఆశపడి వచ్చినవాణ్ణి అలా పంపిన పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

కిందటేడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నడక కొంత తిరిగొచ్చింది గానీ మాట రాలేదు. "అవును" ఒక్కటే మిగిలింది. కాదనుకున్నా నోటికి అదే వస్తుందని డాక్టరుగారు చెప్పారు. తల అడ్డంగా ఊపుతూ "అవును" అనేవారు. మేం తల ఊపునే నమ్మేవాళ్లం.

ఈ వేసవిలో ఒకరోజు పెరట్లో బట్టలారేస్తుంటే వీధిలో ఆటో ఆగింది. అరుగు దగ్గర ఎవరిదో కొత్త గొంతు.

"సామర్లకోట నుంచండి. ఆటో తోలుకుంటానండి. దీనిమీద అంకె రెండుగా పడిందండి. అసలైందేనాండి?"

"అవును."

"అడ్వాన్సు కట్టమంటున్నారండి. కట్టేయమంటారా?"

"అవును, అవును."

"ఆగండి బాబూ," అని కేకేస్తూ ఇల్లు దాటి వచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. పెదనాన్నగారు మెట్ల మీద నిలబడి, పడిపోయిన చేతి మీద రెండో చేతిని మళ్లీ మళ్లీ జారుస్తున్నారు. కళ్లంట నీళ్లు.

"మిషన్లో కదిలిందేనా, పెదనాన్నా?"

"అవును."

ఆ ఒక్కసారి ఆ మాట నిజం.

మర్నాడు అన్నయ్య, నేను ఆయన్ని కారులో కూర్చోబెట్టుకుని సామర్లకోట వెళ్లాం. స్టేషన్ దగ్గర ఆటోవాళ్లు, "పేరేంటండి ఆయనది?" అన్నారు. మాకేం తెలుసు? పెదనాన్నగారు కారు అద్దంలోంచి ఒక్కొక్క ముఖమే చూస్తూ ఉండిపోయారు. పొద్దుపోయేదాకా తిరిగి, వచ్చేశాం.

ఆ తర్వాత అరుగు దిగమంటే దిగేవారు కాదు. వెళ్లే ప్రతి ఆటోలోకీ తొంగి చూసేవారు. రెండోసారి పక్షవాతం వచ్చేదాకా అదే పని.

ఇది చదివేవాళ్లలో ఆ సామర్లకోట ఆటో ఆయన ఉంటే, మా పెదనాన్నగారు కాదనే చెప్పారండి. నోరు సహకరించలేదు.

ఆ ఆటో ఆయన ముఖం నేను చూడలేదు. అయినా ఇంటిముందు ఆటో ఆగితే చేతిలో పని వదిలేసి గేటు దాకా వెళ్తున్నాను. దిగినవాళ్లు నావైపొకసారి చూసి, సంచులు తీసుకుని పక్కింట్లోకి వెళ్లిపోతారు.