కనబడని గోడల పంకజాక్షి

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డు పక్కన ఉండేది. నేను స్టోర్సు చూసేదాన్ని. ఈ వరలక్ష్మమ్మ వస్తోందంటే డ్రమ్ములు దొర్లించే హమాలీలు కూడా గొంతు తగ్గించేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది మరి. అలాంటి నా అరుపులు కూడా చెవికెక్కకుండా తన లోకంలో తాను ఉండగలిగిన మనిషి ఒక్కతే, పంకజాక్షి.

ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడడం ఆమె పని. మెట్ల కింది చిన్న గదిలో స్విచ్ అనే పెట్టె ఉండేది. ఫ్యాక్టరీలోని తీగలన్నీ వచ్చి చేరేది దాంట్లోకే. దాని ముందు స్టూలు వేసుకుని, వెలిగి ఆరే పచ్చ దీపాలను చూస్తూ కూర్చునేది. అన్నానికి పిలిచినా పలికేది కాదు.

"ఏం మే, సినిమా ఏమన్నా ఆడతా ఉండాదా ఆడ?" అని అరిచేదాన్ని.

"సూడక్కా, ఈ దీపం మినుకుమంటే కాటా మీదికి ట్రాక్టరు ఎక్కినట్టు. ఇది మినుకుమంటే ల్యాబులో ఎవరో గుజ్జు తీపి సూస్తా ఉండారు," అనేది కలలోంచి మాట్లాడినట్టు. నాకు ఒళ్ళు మండేది. తిట్టడానికి నోరు తెరిచి, కాసేపటికి నేనూ ఆ దీపాలనే చూస్తూ నిలబడేదాన్ని.

ఆమెది కార్వేటినగరం. అక్కడి పాత కోటలో, మోకాటి ఎత్తు కూడా మిగలని గోడల మధ్య ఆడుకుంటూ పెరిగింది. ఇది రాణిగారి గది, ఇది వంటిల్లు, తలుపున్న చోటు నుంచే రావాలి అని పిల్లలు ఒట్టు పెట్టుకునేవాళ్ళట. అడ్డమంటూ ఏమీ లేకపోయినా ఒక్కరూ గోడ దాటేవాళ్ళు కాదట. తర్వాత తిరుపతిలో పాలిటెక్నిక్ చదివి నెట్‌వర్క్ కోర్సులో చేరింది. ఒకే పెట్టెలోని తీగలను వేరువేరు గదులుగా విడదీయవచ్చని అక్కడ పాఠం చెబితే, మిగతావాళ్ళు తలలు పట్టుకున్నారట. ఈమె మాత్రం నవ్వుకుందట. మా దగ్గర కాటా వాళ్ళది ఒక గది, ల్యాబుది ఒక గది, లెక్కల వాళ్ళది ఒక గది. తీగలు పక్కపక్కనే ఉన్నా ఒక గది మాట ఇంకో గదికి వినబడదు. ఎక్కడ గోడ కట్టాలో, ఎక్కడ తలుపు తెరవాలో ఈమె కీబోర్డు మీద కొట్టి చెబితే ఆ పెట్టె వింటుంది.

రెండువేల మూడు వేసవిలో పిడుగు పడి పాత పెట్టె కాలిపోయింది. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, కొత్త పెట్టెలో గోడలూ తలుపులూ ఆదరాబాదరాగా కట్టింది. ఆ హడావిడిలో ఒకటి మరిచింది. మనం చెప్పింది ఆ పెట్టె వెంటనే చేస్తుంది గానీ, గుర్తు పెట్టుకోమని విడిగా చెప్పకపోతే కరెంటు పోగానే అంతా మరిచిపోతుంది. మా దగ్గర జనరేటరూ బ్యాటరీలూ ఉండడం వల్ల అది ఒక్కసారీ ఆరలేదు. ఆ సంగతి బయటపడలేదు.

కాయల కాలం మధ్యలో ఉండగా చక్రధర్ మెట్ల కిందికి వచ్చాడు. ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన మునిరామయ్య కొడుకు ఇతను. అప్పటికి పెత్తనమంతా ఇతనిదే. పెద్దాయన తన గదిలో కంప్యూటర్లో కాయల లెక్క చూసి, మాకు ఇంకా కాయ కావాలి, తొందరపడి తక్కువకు అమ్ముకోవద్దని రైతులకు ఫోన్లో చెప్పేసేవాడు. దాంతో కొడుకు బేరం చెడేది.

"నాయన కంప్యూటర్ ఒక్కటీ విడిగా పెట్టెయ్. దేంతోనూ కలవకూడదు. అడిగితే లైను బాగలేదని చెప్పు," అన్నాడు.

పంకజాక్షి చేసింది. చేయక ఏం చేస్తుంది, ఇంట్లో ఆమె జీతమే ఆధారం. ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

"పెద్దాయనను తలుపు లేని గదిలో పెట్టినానక్కా."

నాకు ఎవరినైనా తిట్టాలనిపించింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన మెట్ల దగ్గర ఆగి, "ఏమ్మా, నా లైను బాగుపడినాదా?" అని అడిగేవాడు. ఇంకా లేదు పెద్దయ్యా అని ఈమె నేల చూసేది. "పోనీలేమ్మా, నిదానంగా చెయ్యి," అని ఆయన పైకి పోయి ఆ మూగ కంప్యూటర్ ముందే కూర్చునేవాడు. 

ఆయుధపూజ వచ్చింది. పెద్దాయన భార్య జ్ఞానాంబ పూజ దగ్గర పట్టిందే పట్టు.

"పనిముట్టుకు ఈ ఒక్క పొద్దన్నా ఇశ్రాంతి ఉండాల," అని బాయిలర్ నుంచి కాటా దాకా అన్నీ ఆపించింది. మెట్ల కిందికీ వచ్చింది. పంకజాక్షి నసుగుతుండగానే ప్లగ్గు పీకేసి, పెట్టెకు గంధం పూసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసింది. బయట సన్నటి తుంపర. సాంబ్రాణి పొగ వరండాల్లో తిరుగుతోంది. ఎప్పుడూ హోరెత్తే ఆవరణలో చూరు నీళ్ళ చప్పుడు వినబడుతోంది. కుంకుమ బొట్లతో యంత్రాలన్నీ నిద్రపోతున్నాయి. పంకజాక్షి చేతిలో ప్రసాదం బొరుగులు పట్టుకుని, ఆరిన దీపాల ముందు కూర్చునే ఉంది. ఆ రోజు నాకు కూడా ఎవరి మీదా అరవబుద్ధి కాలేదు.

మర్నాడు ప్లగ్గు పెడితే దీపాలు వెలిగాయి గానీ కాటా పలకలేదు, ల్యాబు పలకలేదు, నా స్టోర్సూ పలకలేదు. కేకలు వేసుకుంటూ పోయాను. పంకజాక్షి మొహం పాలిపోయి ఉంది.

"అన్నీ మరిచిపోయినాదక్కా. ఒక్క గోడా లేదు, ఒక్క తలుపూ లేదు."

సరిగ్గా అప్పుడే మేడ మీది నుంచి పెద్దాయన కేక. "పంకజా! నా లైను బాగుపడినాదమ్మా! ఎంత బాగా చేసినావు!"

అందరివీ ఆగిపోతే ఆయనది ఒక్కటే తెరుచుకుంది. మిగతా గదులు మాట్లాడుకునేది తలుపుల గుండానే, ఆ తలుపులు పోయాయి; ఆయనది మొదటి నుంచీ లెక్కల గదిలోదే, మధ్యలో కట్టిన గోడ పోయింది మరి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చక్రధర్ పరుగున వచ్చాడు. "సాయంత్రం లోడు పోవాల. అన్నీ ముందు ఎట్లుండెనో అట్లే రావాల. అన్నీ," అని చివరి మాట ఒత్తి పలికాడు.

పంకజాక్షి తడిసిన ఆవరణలో ఒక్కో తీగ వెంట నడుచుకుంటూ పోయింది. గది గదికీ వెళ్ళి, మీకు ఎవరితో మాట ఉంటుంది అని అడిగింది. ల్యాబులో అడిగింది, కాటా దగ్గర అడిగింది, నన్నూ అడిగింది. చెప్పింది చెప్పినట్టు కట్టుకుంటూ వచ్చింది. ఈసారి ప్రతి గోడనూ గుర్తు పెట్టుకోమని పెట్టెకు చెప్పింది. చివరికి పెద్దాయన గదికి పోయింది.

"పెద్దయ్యా, మీకు ఎవరితో పని?"

"నాకేం పనుందమ్మా! ఈ యేడు ఎవరెవరు కాయ తెచ్చినారో, ఎవరు రాలేదో సూద్దామని. రాకుంటే ఏమైనాదో అడగాల గదా!"

కిందికి వచ్చేసరికి చక్రధర్ నిలబడి ఉన్నాడు. "అన్నీ వచ్చినాయా?"

"ఒకటి తప్ప, సార్."

"అదీ కట్టెయ్."

పంకజాక్షి ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని లేచింది.  "పైకి రండి సార్. పెద్దయ్య ముందర మీరే చెప్పండి, ఆడనే కూర్చోని కడతాను. లైను బాగలేదని నేనింక చెప్పలేను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

ఓరి దేవుడా అనుకున్నాను. చక్రధర్ మొహం ఎర్రబడింది. విసవిసా మెట్లెక్కాడు. ఆమె వెనకే వెళ్ళింది. నేనూ పోయాను, నన్ను ఆపేవాళ్ళెవరు!

పెద్దాయన ముక్కు తెరకు తగిలేంతగా వంగి ఉన్నాడు. అడుగుల చప్పుడుకే పోల్చుకున్నాడు.

"చక్రీ, వచ్చినావా నాయనా? అక్షరాలు ఆనడం లేదురా. ఎవరెవరు వచ్చినారో కొంచెం సదివి పెట్టు."

చక్రధర్ అలాగే నిలబడ్డాడు. పంకజాక్షి వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి, అతని మాట కోసం చూస్తోంది.  అతను కుర్చీ లాక్కున్నాడు.

"ఐరాల మునస్వామి," అని చదివాడు.

"వచ్చినాడా! కొడుకుకు కాలు విరిగి ఉండె గదా. ఎట్లుండాడంట?"

"తెలీదు నాయనా."

"కాయ ఏసుకుని నీ దాకా వచ్చినాడే, అడగలేదా?"

"లేదు నాయనా. అడగలేదు."

పెద్దాయన కొడుకు వైపు తిరిగి చూశాడు. కోపం లేదు, బాధ ఉంది. "సరేలే, ఇద్దరం పోయి అడిగొద్దాం. ఇంకెవురు?"

చక్రధర్ తర్వాతి పేరు చదివాడు. పంకజాక్షి ల్యాప్‌టాప్ మూసేసింది.