సేటు దుకాణంలో తిరిగిన బాణం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: లైనక్స్ వచ్చినవాడికి లోకంలో రానిది లేదని, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా ఏ మిషన్నైనా బాగుచేయొచ్చని. హనుమకొండలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే ఒక సేటు దుకాణంలో మావాళ్లు సర్వర్ పెట్టారు. రైతుల మిర్చి తూచి ఇచ్చే కాంటా చీట్లన్నీ అందులోంచే రావాలి. దాని స్క్రీన్‌ని మా ఆఫీసు బ్రౌజర్‌లో తెరిచి, ఇక్కడి నుంచే మౌసు కదిపి ప్రోగ్రాం ఎక్కించడం నా పని. "ఇగ మీ దుకాణానికి వచ్చే పనే లేదు సేటూ" అని ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

మొదటి రోజే రోగం మొదలైంది. బ్రౌజర్‌లో స్క్రీన్ చక్కగా వచ్చేది. నేను మౌసు పట్టి అటూ ఇటూ కదిపిన కాసేపటికే 'కనెక్షన్ తెగిపోయింది' అని కనబడేది. ఫోన్ చేస్తే సేటు, "వైరు గట్టిగనే ఉంది బిడ్డా, ఏం ఫికర్ చెయ్యకు" అనేవాడు. మళ్లీ తెరిస్తే నిజంగానే వచ్చేది, కదిపితే పోయేది. ఫైర్‌వాల్ సెట్టింగులు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, బ్రౌజర్లు మార్చాను (చివరికి కుర్చీ కూడా మార్చాను). మా సారు వెనక నిలబడి, "రేపు కొత్త మిర్చి దిగుతది. పొద్దుగాల చీట్లు రాకపోతే నువ్వు మల్ల ఆఫీసుకు రాకు" అన్నారు. నాకు ఉద్యోగం వచ్చిందని మా అమ్మ అప్పటికే వాడకట్టంతా చెప్పుకుంది. నిజంగా ఏడుపొచ్చింది నాకు.

ఇక లాభం లేదని ఆటో ఎక్కి ఎనుమాముల పోయాను. తుమ్ముకుంటూ లోపలికి వెళ్లి చూస్తే, సర్వర్ మానిటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి (మిరపకాయలకు ఆ దుకాణంలో కరువా!). సేటు నన్ను మూలకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, దీంట్ల ఏదో సొచ్చింది. ఎవలు ముట్టకున్నా తెర మీద బాణం తిరుగుతాంది. తిరిగినప్పుడల్ల నెట్టు వైరు గుంజుతాన. నువ్వు ఫోన్ చేస్తే మల్ల పెడుతాన."

"మరి ఫోన్ల ఎందుకు చెప్పలే సేటూ?"

"చెప్తే యార్డంత ఎరుకైతది. దయ్యమున్న దుకాణానికి మిర్చి ఎవడు తెస్తడు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జేబులోంచి ఫోన్ తీసి, అందులో బ్రౌజర్‌లో సర్వర్ స్క్రీన్ తెరిచి, ఆయన చూస్తుండగానే బాణాన్ని అటూ ఇటూ తిప్పాను. సేటు చెయ్యి అలవాటుగా వైరు మీదికి పోయి ఆగింది. "నువ్వేనా?" అన్నాడు. భయం పోయాక కోపం వచ్చింది. "ఒకల ఇంట్లకు వచ్చేటోడు జర దర్వాజ కొట్టి రావద్దా?"

మర్నాడు చీట్లు వచ్చాయి, నా ఉద్యోగం నిలిచింది. అప్పటి నుంచి మౌసు ముట్టుకునే ముందు ఫోన్ చేసి "సేటూ, వస్తాన" అనేవాణ్ని. ఆయన మానిటర్ వైపు తిరిగి "రా బిడ్డా, రా" అనేవాడని దుకాణంలో వాళ్లు చెప్పి నవ్వేవారు. ఇప్పుడు నేను చూసుకునే సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయో నాకే తెలియదు. బ్రౌజర్ తెరుస్తాను, బాణం కదుపుతాను, భయపడేవాళ్లు లేరు, వైరు గుంజేవాళ్లు లేరు. అంతా సాఫీగానే నడుస్తుంది గానీ, ఎందుకో కాస్త వెలితిగా ఉంటుంది. ఒక్కోసారి చెయ్యి మౌసు మీద ఆగిపోతుంది. "వస్తాన" అని నోట్లోనే అనుకుని, నాలో నేనే నవ్వుకుని, ఎవరూ రమ్మనకుండానే లోపలికి పోతాను.