మూటతో సహా కొలిచిన పాదాలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, ధర్మవరం నుంచి వచ్చే పాసింజరు దిగి మా మరిది హిందూపురంలో మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడు వచ్చినా వాళ్ళమ్మ పంపిన సంచీ ఒకటి చేతిలో ఉంటుంది. ఆ రోజు ఉత్త చేతులతో వచ్చాడు. "వదినా, అమ్మ పాయ" అని వాకిట్లోనే కూలబడ్డాడు. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని చాప మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదట. "మూడు దినాల కిందట గూడా కొత్తచెరువుకు పోయి చీరలిచ్చొచ్చింది వదినా. బాగుండె" అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది గానీ, ఆ ఏడుపు అడుగున చిన్న సంతోషం కూడా ఉండింది. మా అత్త చివరిదాకా నడిచింది. ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేకపోయారు.

ఆమె గురించి రాయాలంటే చెప్పుల గురించి రాయాలి. చదివేవాళ్ళు నవ్వుకున్నా పరవాలేదు. ఆమె అయితే నవ్వేదే.

కర్నూలు మనకు రాజధాని అయిన ఏడు నేను ధర్మవరంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా మామ పట్టుచీరలు నేసేవాడు. ఇంటి పెత్తనం మాత్రం ఆయన అన్నగారిది. ఇంటిల్లిపాదీ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. నేసిన చీర షావుకారుకు ఇచ్చేయడం మా వీధి పద్ధతి. ఏ రంగు నేయాలో షావుకారే చెప్పేవాడు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో నేసినవాళ్ళకు తెలిసేది కాదు. నేను రాకముందే మా అత్తకు ఈ పద్ధతి మీద విసుగు పుట్టింది. కట్టుకునే ఆడవాళ్ళనే అడిగి, వాళ్ళు కోరిన రంగులు నేయించి, తానే తీసుకుపోయి ఇస్తానంది. పెనుకొండ, హిందూపురం రైలు దారిలోనే ఉన్నాయి కదా, దిగి నాలుగు వీధులు తిరిగితే ఏం పోయింది అంది.

నాలుగో రోజు పెద్దాయన అందరినీ పిలిచి షరతు పెట్టాడట.

"పో. నిన్ను ఆపేది నా చేత కాదు. కానీ ఒంటి ఆడమనిషి జట్కా ఎక్కితే ఊరంతా చూస్తాది. రైలు దిగితే నడిచే పోవాల, నడిచే రావాల. కాలు నొప్పని ఒక్క దినం ఇంట్లో కూచుంటివా, ఆ దినంతో సరి. మళ్ళా మూట ఎత్తేది లేదు."

"అట్లే బావా" అంది మా అత్త.

ఆయన మాట అంటే మాటే. అలా ఆమె తిరుగుడంతా రెండు పాదాల మీదికి వచ్చింది. ప్రతి సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఆమె ఎలా నడిచి వస్తున్నదో చూసేవాడు.

మొదటి ఏడు ఆమె ఉత్త కాళ్ళతోనే తిరిగింది. మా సీమ ఎండలు తెలిసినవాళ్ళకు ఆ సంగతి వివరించనక్కర లేదు. తర్వాత లారీ టైరుతో కుట్టిన చెప్పులు వేసుకుంది. అవి అరిగేవి కావు, కాలిని మాత్రం అరగదీసేవి. ఒకసారి పెనుకొండలో ఒక పెద్దింటి ఆవిడ వాకిట్లో విడిచిన ఆ చెప్పుల వైపు చూసి, "పెరటి తట్టు రామ్మా" అంది. మూట విప్పి చీరలు చూపించకముందే ఆ మాట. మా అత్త ఇంటికొచ్చి అది చెప్పి నవ్వింది.

"తప్పు ఆ యమ్మది కాదమ్మీ. పట్టుచీరలు తెచ్చిన మనిషి కాళ్ళకు టైరుముక్క ఉంటే, మూటలో ఉండేది పట్టేనని ఎట్ల నమ్ముతాది?"

అప్పటి నుంచి ఆమెకు మంచి చెప్పుల మీద ధ్యాస పడింది. మొగవాళ్ళ కిర్రు చెప్పులు తెప్పించుకుని వేసుకుని చూసింది. చూపుకు దర్జాగానే ఉన్నాయి గానీ, ఆ కిర్రు చప్పుడుకు వీధి కుక్కలన్నీ వెంటబడ్డాయి. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒక డ్రిల్లు మాస్టారు గుడ్డ బూట్లు వేసుకుని ఉంటే, "అన్నా, ఒకపారి విప్పి చూపిస్తావా" అని అడిగేసింది. ఆయన సిగ్గుపడుతూ విప్పాడు. ఆమె లోపలికి చేయి పెట్టి చూసి, "మెత్తగానే ఉండాయి, కానీ లోపల కాలు ఉడుకుతాది" అని తిరిగి ఇచ్చేసింది. తనకు కావలసినదేమిటో నాతో ఒక్క మాటలో చెప్పింది: "నడిచేటప్పుడు కాళ్ళకు చెప్పులుండాయని మరిచిపోవాల. గడప ముందర విడిస్తే చూసినోళ్ళు మరిచిపోగూడదు."

చివరికి మా మామ పూనుకున్నాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, చేతిలో మాత్రం అపారమైన పనితనం ఉంది. పోగు తేడా రానిచ్చేవాడు కాదు. "కొలత నేను తీస్తా. హిందూపురంలో కుట్టిచ్చుకుందాం" అన్నాడు. ఆయన ఏది కొలిచినా మగ్గం దగ్గరే కొలుస్తాడు. అందుకని మా అత్తను తన చోట్లో, మగ్గం గుంత అంచున కూర్చోబెట్టాడు. నేసేటప్పుడు తన కాళ్ళు ఎలా గుంతలోకి వేలాడతాయో ఆమె కాళ్ళూ అలా వేలాడాయి. ఆయన గుంతలోకి దిగి, పట్టుదారం చుట్టి, పొడవుకొక ముడి, వెడల్పుకొక ముడి వేశాడు. ఆ దారాన్ని నా భర్త హిందూపురం తీసుకుపోయి బజారులో పేరున్న ఒక చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చాడు.

వారానికి చెప్పులు వచ్చాయి. వక్క రంగు తోలు, సన్నని పట్టీలు. మా వీధి ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు. మా మామ రెండు రోజులు మగ్గం మీద కూనిరాగం తీశాడు.

ఆ వారమే పెనుకొండలో ఒక పెళ్ళివారికి చీరలు ఇవ్వాలి. నన్ను తోడు రమ్మంది. కొత్త చెప్పులు వేసుకుని దొరసానిలా రైలు దిగింది. సగం దారికి వచ్చేసరికి ఆమె మాటలు తగ్గాయి.

"అత్తా, కరుస్తాండాయా?" అన్నాను.

"కొత్తవి గదా. పరిచయం చేసుకుంటాండాయి."

ఇంకొంచెం పోయాక మడమ దగ్గర రక్తం కనిపించింది. దారి పక్క మోరీ గట్టు మీద కూర్చోబెట్టి విప్పాను. చిటికెనవేళ్ళు రెండూ బొబ్బలెక్కాయి. మిగిలిన దారి ఉత్త కాళ్ళతో నడిచి, పెళ్ళివారి గేటు ముందు నిలబడి, పళ్ళు బిగించి మళ్ళీ తొడుక్కుంది. వాకిలి దాకా పది అడుగులు. ఆ పది అడుగులూ నవ్వుతూనే వేసింది. పెళ్ళికూతురి తల్లి మమ్మల్ని నడవలో చాప మీద కూర్చోబెట్టింది. చీరలన్నీ తీసుకుంది. పోయేటప్పుడు, "ఈ చెప్పులు యాడ కుట్టిచ్చినావు?" అని కూడా అడిగింది.

అసలు గండం ధర్మవరం స్టేషన్లో దిగాక ఎదురయింది. అరుగు మీద పెద్దాయన ఉంటాడు. ఆయన ముందు కుంటిందంటే అంతే సంగతులు. మా అత్త కాసేపు ఆలోచించి, దారిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగడం మొదలుపెట్టింది. ఒకరి దగ్గును విచారించింది, ఒకరి ఆవు ఈనిందా అని అడిగింది, ఎప్పుడూ పలకని మనిషిని కూడా పలకరించింది. పావుగంట దారికి మాకు గంటన్నర పట్టింది. మా అరుగు దగ్గరికి రాగానే తల ఎత్తి పెద్దాయన ముఖంలోకి నేరుగా చూస్తూ, "బావా, పెండ్లోళ్ళు అన్నీ తీసుకున్నారు" అని గట్టిగా చెప్పుకుంటూ లోపలికి నడిచింది. మామూలుగా ఆయన ముందు తల ఎత్తని మనిషి. ఆయన ఆ ముఖమే చూశాడు. "ఊ" అన్నాడు.

వంటింట్లోకి వచ్చి గోడ పట్టుకుని జారి కూర్చుంది. నేను ఏడ్చాను.

"నీకెందుకమ్మీ ఏడుపు? కరిసింది నన్ను గదా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "రేపు కాలు కింద పెట్టలేను. ఈ ఇంట్లో కూచోగూడదు. పొద్దున బండికి మీ పుట్టింటికి పోదాం. ఆడ కూచుంటే మీ పెద్దాయనకు కనపడదు" అంది.

మరుసటి రోజు చీకటితోనే, పెద్దాయన లేవకముందే, హిందూపురంలో ఇవ్వాల్సిన చీరల మూట నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని స్టేషన్ చేరింది. హిందూపురంలో మా అమ్మ ఆమె కాళ్ళకు పసుపూ ఆముదమూ పట్టించి నాలుగు రోజులు మంచం దిగనీయలేదు. ఇద్దరు వియ్యపురాళ్ళూ ఆ నాలుగు రోజులూ నవ్వుకున్నంతగా నా పెళ్ళిలో కూడా నవ్వుకోలేదు.

ఐదో రోజు చెప్పులు కుట్టిన ఆయన దగ్గరికి పోయాం. పెద్దవయసు మనిషి. సగం కన్నడం, సగం తెలుగు. మా అత్త దెబ్బలాడలేదు, చెప్పులు ఆయన ముందు పెట్టి పాదం చాపింది. ఆయన మేకుకు తగిలించి ఉంచిన పట్టుదారం తీసి, ఆమె పాదం పక్కన పరిచి చూశాడు.

"ఇది కూచున్న కాలమ్మా" అన్నాడు. "ఎవురు కొలిచినారు?"

"మా ఇంటాయన. మగ్గం కాడ."

"అదే. కూచున్న కాలు వేరే, నిలబడిన కాలు వేరే. నీకు కావాల్సింది నడిచే కాలుకు గదా. నువ్వు బజారు ఆ కొన దాకా పోయి రా. స్వల్ప ఆయాసపడి రా."

ఆమె పోయి వచ్చింది. ఆయన నేల మీద కాగితం పరిచి నిలబడమన్నాడు. పెన్సిలు చేతిలోకి తీసుకుని మళ్ళీ ఆగి, "మూట యాడ?" అన్నాడు.

"మూటెందుకప్పా?"

"నువ్వు మూటతో గదమ్మా నడిచేది. ఎత్తుకో."

మా అత్త నా చేతిలోని చీరల మూట చంకన ఎత్తుకుని కాగితం మీద నిలబడింది. బరువుకు పాదం ఇంకొంచెం పరుచుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన ఆ పాదం చుట్టూ నిదానంగా గీత గీశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకని అడిగితే తర్వాత చెప్పింది, నా బరువుతో సహా నన్ను కొలిచిన మనిషి ఈయనొక్కడే అని.

అందం సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె ఊరుకోలేదు. మూట విప్పి ఒక చీర అంచు చూపించి, పట్టీల మీద పసుపు దారంతో ఇలాగే గోపురం అంచు కుట్టమంది.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. "చెప్పుల మీద గోపురమా తల్లీ?"

మా అత్త రెండు చెంపలూ వేసుకుంది. జీవితమంతా అంచులు చూసిన మనిషికి చెప్పు కాళ్ళ కింది వస్తువన్న సంగతే తట్టలేదు. చివరికి మల్లెమొగ్గల వరుస అనుకున్నారు. ఆ చెప్పులు వేసుకుని మొదటిరోజు పెనుకొండ పోయి వచ్చి, "అమ్మీ, దారిలో ఒక్కసారి గూడా కాళ్ళు గుర్తుకు రాలేదు" అంది. అంత తృప్తి ఆమె ముఖంలో మళ్ళీ మనవడు పుట్టినప్పుడే చూశాను.

మా మామకు మాత్రం తన కొలత తప్పిందని చెప్పలేదు. మొదటి జత ట్రంకుపెట్టె అడుగున దాచేసి, మల్లెమొగ్గల మీద మోజుతో అదే కొలతకు ఇంకో జత కుట్టించానంది. కొత్త జత చూసి ఎవరైనా మెచ్చుకుంటే ఆయన, "కొలత నేనే తీసినా" అనేవాడు. ఆమె తల ఊపేది. నాకేమో నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోవలసి వచ్చేది.

తర్వాత చీరలు కొన్న ఇళ్ళ ఆడవాళ్ళే అలాంటి చెప్పులు అడగడం మొదలుపెట్టారు. గడప దాటితే ఎద్దులబండి, లేకుంటే ఉత్త కాళ్ళు అన్నట్టు బతికినవాళ్ళు వాళ్ళు. మా అత్త చీరల మూటలో కాగితాలూ పెన్సిలూ పెట్టుకుని పోయేది. "బిందె నిండా నీళ్ళు పోసి చంకనెత్తుకోండి" అని నిలబెట్టి, వంగి పాదం చుట్టూ గీత గీసేది. ఆ కాగితాలు హిందూపురం చేర్చేది, చెప్పులు వచ్చాక మళ్ళీ ఇళ్ళకు చేర్చేది. అందులో తనకేం మిగిలేది కాదు. వాళ్ళు వాటిని వేసుకుని వీధి చివరి దాకా పోయి వస్తుంటే గుమ్మంలో నిలబడి చూడడం ఆమెకు ఇష్టం. ఏళ్ళు గడిచాయి. మేము ఉద్యోగం కోసం హిందూపురం వచ్చేశాం. ఆమె ఒక్క రోజు కూడా కాలు నొప్పని ఇంట్లో కూర్చోలేదు. పెద్దాయన తన షరతును మార్చనూ లేదు, దాని గురించి మళ్ళీ మాట్లాడనూ లేదు.

పదకొండో దినం నాడు ధర్మవరానికి పెనుకొండ నుంచీ, హిందూపురం నుంచీ, పరిగి నుంచీ ఆడవాళ్ళు వచ్చారు. పొద్దున బండికి దిగి, స్టేషన్ నుంచి గుంపుగా నడిచి వచ్చారు. మా వాకిలి పట్టనంత మంది. భోజనాల వేళ నేను నీళ్ళ కోసం బయటికి వస్తే పెద్దాయన అరుగు దిగి ఎండలో వంగి ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, ఇంట్లో ఎవరి చెప్పులూ ఎన్నడూ చేత్తో తాకని మనిషి. వాకిట్లో ఎండకు కాలుతున్న ఆడవాళ్ళ చెప్పులను ఒక్కొక్క జతా తీసి, గోడ నీడలో పెడుతున్నాడు. నా భర్త పరుగున పోయి చేయి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు పెద్దనాయనా? ఇట్లియ్యి, నేను పెడతా."

పెద్దాయన చేయి విడిపించుకున్నాడు.

"కాలిపోతాండాయి రా. వాళ్ళు నడిచి పోవాల గదా" అని ఇంకో జత కోసం వంగాడు.