రెండు గుండెల బండి

కంబదూరు ఎర్రన్న కార్ల బ్రోకరు కాకముందు ఎద్దుల బ్రోకరు. నోరు తెరిచి పళ్లు చూసి ఎద్దు వయసు చెప్పేవాడు. ఒంటి మీద సుడి చూసి, దాన్ని కొన్నవాడి గతి ఏమవుతుందో కూడా చెప్పేవాడు. వానలు మొహం చాటేసి, ఎద్దులు ఒక్కొక్కటే సంతకు తరలిపోయి, మిగిలిన కాస్త సేద్యం ట్రాక్టర్ల పాలయ్యాక ఆయన చేతిలో ఆ విద్య ఒక్కటే మిగిలింది. నేర్చిన విద్యను ఊరికే పోనిచ్చే మనిషి కాదు. అదే పంచె, అదే తుండుగుడ్డ, అదే నోటితో పాత కార్ల వ్యాపారంలోకి దిగాడు. ఎద్దు పళ్లు చూసినట్టే టైర్లు చూసేవాడు. బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, ఏమీ అర్థం కాకపోయినా పెద్దగా నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకే అమ్మేవాడి ధైర్యం సగం జారిపోయేది.

బేరం మాత్రం పాత పద్ధతే. తుండుగుడ్డ కింద అవతలివాడి చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కుతాడు. వేలుకు లక్ష. చుట్టూ ఊరంతా నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. మిగతావాళ్లు మొహాలు చూసి ఊహించుకోవాల్సిందే.

ఎర్రన్న అసలు ప్రతిభ ధర దించడంలో ఉంది. అమ్మేవాడి బండిని ఏనాడూ తిట్టడు. తిడితే వాడికి పౌరుషం పొడుచుకొస్తుంది, ఏ మెకానిక్కునో పిలిపించి కాదనిపిస్తాడు. అందుకని, "బండి మంచిదేప్పా, జాతి మంచిది కాదు" అని జాలిగా అంటాడు. బండిలో లోపముంటే బాగుచేయించవచ్చు. జాతిలో లోపముందంటే ఎవడేం చేస్తాడు?

ఈ మాటకు ఎక్కువగా బలైనవి టర్బో స్పోర్ట్స్ కార్లు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు వేగం మోజులో వాటిని కొని, మోజు తీరాక సొంత జిల్లాలో వదిలించుకుందామని తెచ్చేవాళ్లు. టర్బో అంటే ఇంజనులోకి అదనంగా గాలి ఊదే చక్రమని ఒక మెకానిక్కు చెప్పబోతే, ఎర్రన్న చెయ్యెత్తి ఆపాడు.

"అది రెండో గుండెప్పా. రెండు గుండెలున్నోడు యాడన్నా నిండుగా బతికినాడా?"

ఆ మాట ఆయన అనుకున్నదానికన్నా దూరం పోయింది. మడకశిరలో కన్నడంలో చెప్పుకున్నారు. విడపనకల్లులో పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు కారుకు ఎన్ని గుండెలని ఆరా తీశారు. టర్బో బండికి ఇటువైపు సగం ధర కూడా పలకకుండా పోయింది. ఎర్రన్న మాట అంటే అంత. చదువూ ఆస్తీ లేనివాడికి ఆ నోరే పొలం, ఆ నోరే పంట. అది చెల్లినంతకాలం ఆయన రాజు, చెల్లకపోతే తుండుగుడ్డ మోసే ముసలాడు. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు.

అంత తెలిసినవాడు ఒక సాయంత్రం ఎర్ర కారు ముందు బోల్తా పడ్డాడు.

దాన్ని తెచ్చినవాడు భరత్‌కుమార్, మడకశిర వైపు పిల్లవాడు. పెళ్లాం కడుపుతో ఉంది, వెనక సీటులో ఉయ్యాల పట్టదని అమ్మకానికి పెట్టాడు. ఎర్రన్న మామూలుగానే నిట్టూర్చి, "ఏదీ, ఒగసారి గట్టిగా తొక్కు" అన్నాడు. కుర్రాడు తొక్కి వదిలాడు. టర్బోలోని గాలి ఒక్కసారిగా బయటికొచ్చి బండి బుస్సుమంది.

ఎర్రన్న ఒళ్లు జలదరించింది. బుస కొట్టే కోడెను చూసి ఎన్నాళ్లయింది! అలాంటి కోడెను ఎగబడి కొనేవాళ్లు సంతలో. యాభై ఏళ్ల అనుభవం ఒక్క బుసకు కొట్టుకుపోయింది. తుండుగుడ్డ కింద నాలుగు వేళ్లకు బేరం తెగింది, ఏడాది సంపాదనంతా ఆ వేళ్లలో పోయింది. కుర్రాడు దుడ్లు లెక్కపెట్టుకుని, ఈ పెద్దాయన మనసు మార్చుకునేలోపే బస్సెక్కేశాడు.

ఆ తర్వాత కారు కొనడానికి వచ్చినవాళ్లంతా ఎర్రన్న మాటనే ఎర్రన్నకు అప్పజెప్పారు. విడపనకల్లు నుంచి వచ్చిన మిరప రైతు బండి చుట్టూ తిరిగి, మురిసి, చివరికి, "టర్బోనా? వద్దన్నా. నువ్వే కదా చెప్పినావు" అని నవ్వి వెళ్లిపోయాడు. "ఇది వేరేప్పా" అని ఎర్రన్న వెనకాలే అంటే, "అందరూ తమ బండికి అట్లే అంటారని కూడా నువ్వే చెప్పినావు" అన్నాడు.

కారు వేపచెట్టు కింద నిలిచిపోయింది. నేలకు ఆనుకునే ఉండే బండి కావడంతో దాని కిందికి కోళ్లు తప్ప ఏవీ దూరలేకపోయాయి. ఎర్రన్న భార్య హనుమంతమ్మ కొన్నాళ్లు ఓపికపట్టి, వెనక రెక్కలా పొడుచుకొచ్చిన బల్ల మీద వడియాలు ఎండబెట్టడం మొదలుపెట్టింది.

"ఇంత దుడ్లు పోసి బల్ల కొన్యావు, బాగానే ఉండాదిలే" అంది. ఎర్రన్నకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు దిగాడు కళ్యాణదుర్గం నూనె మిల్లు యజమాని నాగేశ్వరయ్య, కొడుకు ముఖేష్‌ను వెంటబెట్టుకుని. నిరుడు ఎర్రన్న దగ్గరే తెల్ల డీజిల్ జీపు కొన్నాడు. "ఒక్క గుండె బండి సావుకారూ, మీ మనవళ్లు కూడా తోలుకుంటారు" అని ఎర్రన్న అప్పుడు దీవించి అంటగట్టాడు. ఆ చుట్టుపక్కల మండలాల్లో తిరిగే డీజిల్ జీపుల్లో సగం అలా ఒక్క గుండె దీవెనతో పోయినవే.

ముఖేష్ వడియాలు పక్కకు జరిపి కారెక్కాడు. వాడి మొహం వెలిగిపోవడం చూసి ఎర్రన్న ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా టీ అంగడి సుంకన్న గ్లాసులు కడగడం ఆపేసి వచ్చాడు. అతని వెంట టీ తాగేవాళ్లంతా వచ్చి మూగారు.

"పిల్లోడు మనసుపడినాడు. నాకు మాత్రం బండి మీద నమ్మకం లేదు, నీ మాట మీదనే గురి" అన్నాడు నాగేశ్వరయ్య, అందరికీ వినబడేలా.

ఎర్రన్న తుండుగుడ్డ పరిచి, దాని కింద సావుకారు చేతిలో ఐదు వేళ్లూ పెట్టాడు. నాగేశ్వరయ్య మూడింటిని మెల్లగా మడిచేశాడు. రెండే మిగిలాయి. ఎర్రన్న చెయ్యి లాక్కోబోయాడు. సావుకారు వదల్లేదు, చెవి దగ్గరికి వంగాడు.

"మొన్న మావాడు మన జీపును సర్వీసుకు తీస్కపోయినాడు. దాంట్లో కూడా టర్బో ఉండాదంట. ఇప్పుడొచ్చే డీజిల్ బండ్లన్నిటికీ ఉంటాదంట కదప్పా? నువ్వమ్మినవాటికన్నిటికీ?"

తాను అంటగట్టిన జీపుల్లో ఆ రెండో గుండె ఉందని ఎర్రన్నకు ఆ క్షణం దాకా తెలియదు. తెలియని సంగతి గురించే కదా ఇన్నాళ్లూ అంత ధైర్యంగా మాట్లాడాడు! టర్బో చెడ్డదంటే జీపులు కొన్నవాళ్లంతా వచ్చి మీద పడతారు. మంచిదంటే తాను సగం ధరకు కార్లు లాక్కున్న కుర్రాళ్లంతా వస్తారు. ఎటు తిరిగినా పోయేది నోరే.

"నేనైతే యాడా అననులే. నీ మాట నిలబడాల, నలుగురికీ పనికొచ్చే మాట" అంటూ సావుకారు ఆ రెండు వేళ్లను ఆప్యాయంగా నొక్కాడు.

తన విద్యనే తన మీద ఇంత నీటుగా వాడినవాణ్ణి చూసి ఎర్రన్నకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. తల ఊపాడు.

"తెగిందా? ఎంతకన్నా?" అని అడిగాడు సుంకన్న ఆత్రంగా.

ఎర్రన్న తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. బదులు నాగేశ్వరయ్యే చెప్పాడు, జాలిగా తల ఆడిస్తూ. "బండి మంచిదేప్పా, జాతి మంచిది కాదు. ఏం చేస్తాం, పిల్లోడి కోసం."

జనం ఔనౌనన్నారు. ముఖేష్ బండిని బుస్సుమనిపించి బయల్దేరదీశాడు. ఊరి చివర స్పీడు బ్రేకరు మీద దాని పొట్ట గీరుకున్న చప్పుడు అంగడి దాకా వినిపించింది.

ఎర్రన్న తన పాత డీజిల్ జీపెక్కి తాళం తిప్పాడు. ముందుకు కదలగానే ఇంజనులోంచి సన్నగా ఈల మొదలైంది. ఇన్నేళ్లూ ఆ ఈలను అందరికీ వినిపించి, ఆరోగ్యమైన బండి ఇట్లా పాడుతుందని గొప్పలు పోయినవాడే. ఇప్పుడు తెలిసింది, ఆ పాట రెండో గుండెదని.

సుంకన్న కిటికీ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గాడు. వాడి మొహంలో వెటకారమేమీ లేదు. ఎర్రన్న మాటను వేదంలా నమ్మేవాడు.

"అన్నా, ఈల బలే ఏస్తాంది. నీ జీపుకు ఎన్ని గుండెలు?"

"ఒగటే" అన్నాడు ఎర్రన్న.

సుంకన్న తృప్తిగా బానెట్ మీద తట్టి, టీ మరగబెట్టడానికి పోయాడు. ఆ రోజు నుంచి ఎర్రన్న టీ అంగడి ఇంకా దూరముండగానే ఇంజను ఆపేస్తాడు. పల్లంలో జీపు దొర్లినంత దూరం దొర్లుతుంది. ఆగిపోయినచోట దిగి, పంచె ఎగ్గట్టి, అంగడి దాటేదాకా తోసుకుంటూ పోతాడు.