చేరానని కబురు వచ్చేదాకా

మన తెలుగువాళ్ళ గ్రూపులో అందరూ బాగున్నారా? రోటోటూనాలో సుగుణగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆల్బనీలో మా చెల్లెలి కూతురి దగ్గు ఎలా ఉంది? పిల్లలకు స్వెట్టర్లు వేస్తున్నారా? నాకు బీపీ మామూలే...

మా చిన్నప్పుడు... మా మేనమామ చిన్న విమానం నడిపేవాడు. ఎక్కడో ఉత్తరాన, మంచుకొండల్లో... రోడ్డు లేని ఊళ్ళకు బియ్యం, ఉప్పు, మందులు చేరవేసేవాడు. మా వైపు నుంచి ఆ పనికి వెళ్ళిన మొదటివాడు ఆయనేనని చెప్పుకునేవారు. దిగే చోట జడల బర్రెలు మేస్తుంటే, పైన రెండు చుట్లు తిరిగి వాటిని బెదరగొట్టి దిగేవాడట. మేం చేటలు రెక్కల్లా పట్టుకుని పెరడంతా అలాగే తిరిగేవాళ్ళం...

ఎవరైనా ప్రయాణమై వెళ్తే, వాళ్ళు పొలిమేర దాటేదాకా ఇల్లు ఊడ్చేవారు కాదు. మా అమ్మమ్మ అయితే మామయ్య చేరినట్టు టెలిగ్రాం వచ్చేదాకా చీపురు అటక మీద పెట్టేసేది.

ఆ ఏడు మామయ్యకు పెళ్ళయింది. సెలవు అయిపోయి ఆయన బండెక్కాడు. కొత్త కోడలు, మా కనకత్త... పాపం తెలియక, వసారా ఊడ్చేసింది.

"అయ్యో, నా కొడుకు అడుగులు ఊడ్చేశావు కదే!" అంది అమ్మమ్మ.

టెలిగ్రాం వచ్చింది... విమానం మంచులో కొండకు తగిలిందని. మనిషిని తేలేకపోయారు. అమ్మమ్మ పోయేదాకా అత్త చేతి మంచినీళ్ళు తాగలేదు... అత్త ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలు శ్రావ్య ఈ దేశం ఉత్తర కొసన చిన్న విమానం నడుపుతూ రోగులను ఆసుపత్రికి తీసుకెళ్తుంది. నిన్న పొద్దున సెలవు అయిపోయి, ఇక్కడ హామిల్టన్‌లో మా ఇంటి నుంచి బయల్దేరింది. కారు సందు తిరిగిందో లేదో, మా కోడలు వాక్యూమ్ ఆన్ చేసింది. గబుక్కున గోడ పట్టుకున్నాను...

"ఏంటత్తయ్యా, అలా అయిపోయారు? షుగర్ డౌన్ అయిందా?"

అమ్మమ్మ అన్న మాటే నా నోటిదాకా వచ్చింది. "ఏం లేదమ్మా... ఆ సోఫా కింద కూడా పట్టు" అన్నాను.

సాయంత్రం దాకా ఫోన్ ఒళ్ళోనే పెట్టుకున్నాను. "చేరాను నాన్నమ్మా, అన్నం తిను" అని మెసేజ్ వచ్చాక గానీ ముద్ద దిగలేదు.

అప్పట్లా రోజులకు రోజులు చూడక్కర్లేదు... కబురు ఆ పూటే వస్తోంది. గుండెకే ఆ సంగతి తెలియడం లేదు. మీ ఇళ్ళల్లో ప్రయాణాలప్పుడు చీపురు ఎప్పుడు పట్టేవారో కాస్త చెప్పండి.

శ్రావ్య మళ్ళీ పద్నాలుగో తారీకు, ఆదివారం వస్తుందట. మర్నాడే వెళ్ళిపోతుంది. ఈసారి ఇల్లు నేనే ఊడుస్తాను... రేపు ఏదైనా మాట వస్తే, అది కోడలి మీద పడకూడదు.